ఒకరి ఆకలి, మరొకరి అన్నం: రంజాన్ పుణ్యం నడిచిన దారి

గతించినవారిని తలుచుకునే సభలో చెప్పే మాట బతికున్నవారికి పనికిరావాలి. అందుకే ఈ స్మారకోపన్యాసానికి రంజాన్ పుణ్యాన్ని విషయంగా ఎంచుకున్నాను. ఆ నెలలో చేసిన మంచిపనికి ఎన్నో రెట్ల ఫలముంటుందనీ, ఖుర్ఆన్ అవతరించిన షబే ఖదర్ వెయ్యి నెలలకన్నా మేలైన రాత్రి అనీ ముస్లింల విశ్వాసం. ఇంత పుణ్యం దేనికి? కడుపు మాడ్చుకున్నందుకేనా? రోజా, అంటే ఉపవాసం, దాని ఫలం దేవుడి దగ్గర ఉందని చెప్పిన ధర్మమే, ఆ రోజా లెక్కను ఆకలిగొన్న మనిషి దగ్గర తీర్చమంది. నేను చెప్పదలచిన మాట ఇదే. ఈ రెండింటినీ విడదీస్తే రంజాన్‌లో మిగిలేది పస్తు ఒక్కటే.

మొదటినుంచీ చూద్దాం. క్రీ.శ. 610లో మక్కా దగ్గరి హిరా గుహలో ప్రవక్త ముహమ్మద్‌కు తొలి వాణి అందింది. అప్పటికింకా రంజాన్ ఉపవాసాలు లేవు. 622లో ఆయన మదీనా చేరాక, అక్కడి యూదులు మూసా ప్రవక్తను స్మరిస్తూ పాటించే ఆషూరా ఉపవాసాన్ని తానూ పాటించి, తనవారినీ పాటించమన్నారు. హిజ్రీ 2వ ఏట, అంటే 624లో, రంజాన్ నెలంతా ఉపవాసం విధి అయింది. దీన్ని కొత్త వింతగా కాక, పూర్వ సమాజాలకూ ఉన్న నియమంగానే ఖుర్ఆన్ చెప్పింది. దాని ఉద్దేశం దైవభీతి, మనోనిగ్రహం అంది. రోగులనూ ప్రయాణికులనూ మినహాయించి, తప్పిన రోజులను తర్వాత పూర్తి చేసుకోమంది. ఉపవాసం ఉండలేనివారు ఒక పేదకు అన్నం పెట్టాలంది. దీనికే ఫిద్యా అని పేరు. తొలినాళ్లలో శక్తి ఉన్నవారికి సైతం ఉపవాసమో, అన్నదానమో ఎంచుకునే వీలుండేదని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. అంటే ఆ శాసనం పుట్టిన రోజునే ఒకరి పస్తునూ మరొకరి భోజనాన్నీ ఒకే తక్కెడలో పెట్టి తూచింది.

ఈ తూకం ఎంత కచ్చితమైనదో కఫ్ఫారా, అంటే ప్రాయశ్చిత్తం, నియమం చూస్తే తెలుస్తుంది. పగటివేళ రోజాను కావాలని భంగం చేసుకున్న ఒక మనిషి ప్రవక్త దగ్గరికి వచ్చిన కథ, ఆయన మాటలూ చేతలూ నమోదైన బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండింట్లోనూ ఉంది. బానిసను విడిపించగలవా అంటే లేదన్నాడు. రెండు నెలలు వరుసగా ఉపవాసం ఉండగలవా అంటే నావల్ల కాదన్నాడు. అరవైమంది పేదలకు తిండి పెట్టగలవా అంటే అదీ లేదన్నాడు. ఇంతలో ఎవరో బుట్టెడు ఖర్జూరాలు తెచ్చారు. తీసుకెళ్లి పేదలకు పంచమన్నారు ప్రవక్త. మదీనాలో నా ఇంటికన్నా పేద ఇల్లు లేదని అతను బదులిచ్చాడు. ప్రవక్త నవ్వి, అయితే నీ ఇంటివాళ్లకే పెట్టమన్నారు. ఈ కథలో మూడు ప్రాయశ్చిత్తాల్లో ఒకటి మనిషికి స్వేచ్ఛ, ఒకటి తపస్సు, ఒకటి అన్నం. చివరికి తప్పు చేసినవాడి ఇంట్లోనే ఆకలి కనిపించేసరికి, శిక్షగా పంచవలసిన ఖర్జూరాలే అతని ఇంటికి భోజనమయ్యాయి. ఈద్ ముందు ఇచ్చే ఫిత్రా కూడా ఇలాంటిదే. ఇంట్లో ఆడా మగా, పిల్లా పెద్దా తేడా లేకుండా తలకొక సాఅ ధాన్యమో ఖర్జూరమో, అంటే సుమారు రెండున్నర నుంచి మూడు కిలోలు, పేదలకు ముట్టాలి. ఉపవాసిని పొల్లుమాటల మలినంనుంచి కడగడానికి, నిరుపేదకు తిండి అందడానికి ఇది విధి అయిందని ప్రవక్త సహచరుడు ఇబ్ను అబ్బాస్ వివరించారు. ఒకరికి శుద్ధి, ఒకరికి తిండి: రెండూ ఆ గింజల్లోనే ఉన్నాయి.

తర్వాతి శతాబ్దాలు ఈ విధిని ఊరి ఆచారంగా మలిచాయి. రంజాన్ రాత్రుల్లో ఎవరికి వారు చేసుకుంటున్న తరావీ నమాజును ఖలీఫా ఉమర్ ఒకే ఇమాం వెనక సామూహికం చేశారు. 1326లో రంజాన్ నెలలోనే డమాస్కస్ చేరిన యాత్రికుడు ఇబ్ను బతూతా, ఆ నగరంలో ఎవరూ ఒంటరిగా ఇఫ్తార్, అంటే సాయంత్రపు ఉపవాస విరమణ, చేయరని రాశాడు. అమీర్లూ ఖాజీలూ వర్తకులూ స్నేహితులతోపాటు ఫకీర్లనూ పిలుస్తారనీ, పేదవాళ్లు తమకున్నది తలా కొంచెం తెచ్చుకుని ఒక ఇంట్లోనో మసీదులోనో కలిసి తింటారనీ వర్ణించాడు. మన హైదరాబాదులో 1617లో మొదలై 1694లో పూర్తయిన మక్కా మసీదు ప్రాంగణంలో ఈనాటికీ రంజాన్ సాయంత్రాల్లో పరిచే దస్తర్‌ఖాన్, అంటే అందరూ కూర్చుని తినే భోజనపు గుడ్డ, ఆ వరసలోదే. అక్కడ పక్కన కూర్చున్నవాడి కులగోత్రాలు అడిగేవారుండరు.

ఇక్కడ కొన్ని ఆక్షేపణలకు జవాబు చెప్పాలి. ఫలం కోసం చేసే పుణ్యం బేరమే కదా అంటారు. ఈ ప్రశ్న ఇస్లాంకు కొత్త కాదు. ఎనిమిదో శతాబ్దంలోనే బస్రా నగరపు రాబియా, నరక భయంతోనో స్వర్గాశతోనో చేసే ఆరాధనను కాదని, ప్రేమతో చేసేదే ఆరాధన అన్న సాధ్వి. హదీసులోనే మరో సమాధానం ఉంది. మిగతా సత్కార్యాలకు పది రెట్లనుంచి ఏడు వందల రెట్ల దాకా ఫలం చెప్పి, రోజాకు మాత్రం అంకె చెప్పకుండా, అది దేవుడి కోసమే గనుక ఆయనే ఇస్తాడని వదిలేశారు. ధర తెలియని చోట బేరం ఎలా కుదురుతుంది? అదీ కాక, రోజా ఇతరులకు చూపించే పని కాదు: నాలుగు గోడల మధ్య గుక్కెడు నీళ్లు తాగితే చూసేవాడెవడు? పైగా, ఇఫ్తార్ చేయించినవాడికి ఉపవాసితో సమానమైన పుణ్యం వస్తుందనీ, ఉపవాసి పుణ్యం మాత్రం తరగదనీ హదీసు. పంచితే తరగని సొమ్ము ఏ అంగట్లోనూ దొరకదు.

పగలంతా పస్తుండి రాత్రి విందులు చేసుకుంటే ఇక నిగ్రహమేముందని మరో ఆక్షేపణ. ఇది న్యాయమైన మాటే. దీన్ని గట్టిగా అన్నవాడు 1111లో మరణించిన ఇమాం గజాలీ. మధ్యాహ్నం తప్పిన తిండిని సాయంత్రం పూడ్చుకుని, పైగా రకరకాల వంటకాలు చేర్చితే ఉపవాసం వల్ల ఒరిగేదేమిటని ఆయన నిలదీశాడు. కడుపు ఉపవాసం మొదటి మెట్టు, కళ్లూ నాలుకా చెవులూ ఉండే ఉపవాసం రెండోది, మనసు దైవేతర చింత విడవడం మూడోది అన్నాడు. అరబ్బుల హరీస్ అనే వంటకంనుంచి వచ్చి, 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మన హలీం తినడం తప్పు కాదు. మన పళ్లెం నిండిన రాత్రి పొరుగింటి పళ్లెం సంగతి అడగకపోవడమే తప్పు.

ఆకలి పడకుండానే దానం చేయవచ్చు కదా అన్నది చివరి ప్రశ్న. చేయవచ్చు. అయితే అప్పుడు ఇచ్చేవాడు మెట్టు మీద, పుచ్చుకునేవాడు మెట్టు కింద ఉంటారు. రోజా ఇద్దరినీ ఒకే బంతిలో కూర్చోబెడుతుంది. పండుగ నాటి తిండికి మించి ఉన్న పేద కూడా ఫిత్రా ఇవ్వాలని చాలామంది ధర్మవేత్తల మాట. అలా పుచ్చుకున్న చెయ్యే ఇచ్చే చెయ్యి అవుతుంది. కాలం లెక్కలోనూ ఇదే సమానత్వం ఉంది. రంజాన్ అనే పేరుకు మూలం మాడ్చే ఎండ. అయినా అధికమాసాలు కలపడాన్ని ఇస్లాం నిషేధించడంతో 354 రోజుల చాంద్రమాన సంవత్సరం ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. సుమారు 33 ఏళ్లకు రంజాన్ ఋతువులన్నీ చుట్టివస్తుంది. ఋతువులు మారే ఏ దేశానికీ ఎప్పటికీ చల్లని ఉపవాసం లేదు, ఎప్పటికీ మండుటెండ ఉపవాసమూ లేదు.

అందుకే రంజాన్ పుణ్యాన్ని నమ్మేవారికీ, గౌరవించే ఇతర మతాల మిత్రులకూ నా విన్నపం ఒక్కటే. ఉపవాసాన్ని గంటలతో కొలవకండి, ఆ గంటల వల్ల ఎవరింట పొయ్యి వెలిగిందో చూడండి. ఫిత్రాకు ధర్మం పెట్టిన గడువు ఈద్ నమాజు. నమాజుకు ముందు ఇస్తేనే అది ఫిత్రా, తర్వాత ఇస్తే మామూలు దానం. పండుగ పూట పేదవాడు ఎదురుచూడకూడదు గనుకే ఆ గడువు. ఈసారి పండుగ నెలవంక కనబడిన రాత్రే పొరుగింటి తలుపు తట్టండి.