అది లాగొద్దు



పట్టాలు పుచ్చుకుంటున్న డాక్టర్లారా, మీలో కొందరికి మొదటి పోస్టింగ్ ముదినేపల్లి లాంటి మండలంలోనే పడుతుంది. ఇటు కైకలూరు, అటు గుడివాడ, ఎటు చూసినా చేపల చెరువులు. వెదురు బొంగులు, గాలాలు, ఏరేటర్ రెక్కలు. సంక్రాంతికి, చట్టం వద్దన్నా, కోడికత్తులు. వీటిలో ఏదో ఒకటి ఏ రాత్రో ఎవరి చెంపలోనో దిగబడి మీ దగ్గరికొస్తుంది. తీసుకొచ్చినవాళ్లు అడిగేది ఒకటే: "ముందు అది లాగెయ్యండి డాక్టరుగారూ!"

లాగకండి. తెగిన రక్తనాళానికి లోపల అదే బిరడా అయి ఉండొచ్చు. కదలకుండా చుట్టూ గుడ్డ పేర్చి కట్టి, ఊపిరి సంగతి చూడండి. నోట్లో రక్తం ఊరుతున్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టడం మన ఆస్పత్రుల దురలవాటు. తెలివిలో ఉండి, మెడకు దెబ్బ లేకపోతే ముందుకు వంగి కూర్చోనివ్వండి.

మత్తు సూది వెయ్యకముందే కళ్లు గట్టిగా మూయమనండి, పళ్లు చూపించమనండి, బుగ్గలు పూరించమనండి. మత్తెక్కాక ముఖనాడి తెగిందో మొద్దుబారిందో ఎవరూ చెప్పలేరు. కంటి బయటి కొస నుంచి నిలువుగా ఒక గీత ఊహించుకోండి. దానికి చెవి వైపున తెగిన నాడి కొమ్మను వెతికి కుట్టాలి. ముక్కు వైపు సన్న కొమ్మలు చాలావరకు వాటంతటవే కోలుకుంటాయి. తెగిన కొమ్మ అవతలి కొస విద్యుత్ ప్రేరణకు స్పందించేది సుమారు 72 గంటలే. "సోమవారం చూద్దాం" అనడం అందుకే కుదరదు.

వెదురు మరీ మాయది. ఎండుకర్ర సీటీ స్కాన్‌లో గాలిలాగే నల్లగా కనిపిస్తుంది. ఆ గాలికి బద్ద ఆకారం ఉందేమో రేడియాలజిస్టును అడగండి. చెరువు నీరు తగిలిన పుండులో ఏరోమోనాస్ బ్యాక్టీరియా చేరితే అమాక్సిసిలిన్ పనిచెయ్యదు. డాక్సీసైక్లిన్ లాంటివి గుర్తుకు రావాలి. ఆ మందుల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపించిన లెడర్లీ మందుల కంపెనీలోనే.

వేలాడే తునకను కోసి పారెయ్యకండి. ముఖానికి రక్తప్రసరణ ఎక్కువ, బతుకుతుంది. పెదవి తెగితే మొదటి కుట్టు దాని అంచు మీదే పడాలి. ఒక్క మిల్లీమీటరు తేడా పెళ్లి ఫొటోలో తెలిసిపోతుంది.

ఏలూరుకో విజయవాడకో పంపేటప్పుడు 108 వాళ్ల చేతికిచ్చే చీటీలో, మత్తుకు ముందు ముఖం ఎలా కదిలిందో, టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడిచ్చారో టైముతో సహా రాయండి. ఆపరేషన్ థియేటర్లో సర్జన్లం మేం ముందు అడిగేది ఆ చీటీనే.