‘ఏం కూర?’ అని అడిగే అవ్వ

(గ్రామంలో జరిగిన సంస్మరణ సభలో సంఘం కార్యకర్త ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ధర్నాల దగ్గర మైకు పట్టుకుంటే గంట వదలనివాణ్ణి. ఇవాళ నోరు పెగలడం లేదు. ఆమె నాకు వరసకు చిన్నమ్మ. మీకందరికీ అవ్వ. నిన్న ఇక్కడ టెంటు వేస్తున్న పిల్లల్ని అవ్వ అసలు పేరేందిరా అని అడిగితే ఒక్కడూ చెప్పలేకపోయాడు. అందుకని నేను కూడా అవ్వ అనే అంటాను.

ఆమె ఇంటి ముందు అరుగు మీకు తెలుసు. పొద్దుగుంకితే నిండిపోయేది. దారిన పోయేది హమాలీ అయినా, కరెంటు బిల్లు కొట్టే పిలగాడైనా ఆపి, ‘బువ్వ తిన్నవా బిడ్డా?’ అని అడిగేది. తిన్నానంటే, ‘ఏం కూర?’ అనేది. అక్కడ తడబడ్డామా, తినలేదని దొరికిపోయినట్టే. లోపలికి పోయి జొన్నరొట్టె, ఇంత పచ్చిపులుసు తెచ్చి ముందర పెట్టేది. నేనూ రెండుసార్లు దొరికాను. మొదటిసారి పత్తికి పెట్టిన అప్పు తీరక, ఇంట్లో ముఖం చూపించలేక తిరుగుతున్న రోజుల్లో. ఆమె అప్పు సంగతి అడగలేదు. కూర సంగతే అడిగింది. ఆ రాత్రి నేను నేరుగా ఇంటికి పోయాను. అంతకన్నా ఎక్కువ చెప్పను.

గట్టు తగాదాతో ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు మన ఊళ్లో ఉన్నారు, ఈ సభలోనూ ఉన్నారు. అన్నకు ఇవ్వాల్సిన కంది విత్తనాన్ని తమ్ముడి నెత్తిన పెట్టి పంపింది. ‘మోకాళ్లు నొస్తున్నయి, నువ్వే ఇచ్చిరా’ అంది. ఆ మోకాళ్లతోనే మర్నాడు రెండు కిలోమీటర్లు నడిచి నాట్లకు పోయింది!

మన దేవరకొండ వైపు చెలకల్లో ఒకప్పుడు ఆముదం, కంది, జొన్న కలిపి వేసేవాళ్లం. తర్వాత పత్తి వచ్చింది. విత్తనం ప్యాకెట్‌లోకి పోయింది, మందు డబ్బాలోకి పోయింది. అవ్వ కూడా పత్తి వేసింది, వేయలేదని అబద్ధం చెప్పను. కానీ కందుల కుండలు మాత్రం మానలేదు. కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండలో ఆరబెట్టి, కుండలో పోసి, పైన వేపాకు పరిచి, మూతికి పేడమట్టి మెత్తేది. మానెడు ఇస్తే పంట వచ్చినాక మానెడే తీసుకునేది. నాగు కింద ఎక్కువ పోయబోతే, ‘నేనేమన్న సావుకారినా?’ అని కసిరేది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి.

మా చిన్నాయన పోయినప్పుడు ఆయన స్వార్జితం రెండెకరాలు ఉంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా మగమనిషి చనిపోతే భార్యకు కూడా పిల్లలతో సమానంగా వాటా వస్తుంది. ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ, అవ్వ. నలుగురికీ తలా అరెకరం. విరాసత్ మాత్రం ఇద్దరు కొడుకుల పేరు మీదనే అయింది. కొడుకులు ఇక్కడే కూర్చున్నారు, వాళ్లను అనడం లేదు. ఆ కాగితం మీద సాక్షి సంతకం నాది. అవ్వ వేలిముద్ర వేసిన ఇంకు నేనే తుడిచాను. ఊళ్లో అందరూ అట్లనే చేస్తారు కదా అనుకున్నాను.

2018లో రైతుబంధు వచ్చింది. ఎకరాకు సీజన్‌కు నాలుగు వేలు, పట్టా ఉన్నవాళ్లకు. కొడుకులు పట్నం నుంచి వచ్చి చెక్కులు తీసుకున్నారు. దున్నించింది, విత్తింది, కలుపు తీసింది అవ్వ. ఆ పూట కోడిని కోసి వండింది కూడా ఆమెనే. రైతుబీమా అయితే పట్టా ఉన్నా ఆమెకు వచ్చేది కాదు, అది 59 ఏళ్ల వరకే. 59 దాటితే కలుపు తీయడం మానేస్తారని ఎవరు చెప్పారో!

సర్కారునే అనడం దేనికి? ఊళ్లో మన సంఘం పెట్టిన రోజు సభ్యుల జాబితా రాసింది నేను. పాసుబుక్కులు చూసి రాశాను. ఒక్క ఆడమనిషి పేరు లేదు. ఆ మీటింగుకు చాపలు తెచ్చి పరిచింది, ఆడవాళ్లను పిలుచుకొచ్చింది అవ్వ. అంతా అయినాక, ‘అరేయ్, గీ చిట్టీల నా పేరేది?’ అంది.

‘పాసుబుక్కు నీ పేరు మీద లేదు కద చిన్నమ్మా’ అన్నాను.

‘పాసుబుక్కు కలుపు తీస్తదారా?’

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకున్నాను. ఆమె పేరు రాయడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ ఆమె ఒక్క ధర్నా తప్పలేదు. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు కూర్చున్న చలికాలంలో మన శిబిరానికి రోజూ అంబలి మోసుకొచ్చింది.

2011 నాటి మహిళా రైతుల హక్కుల బిల్లును ఎం.ఎస్. స్వామినాథన్ గారు రాజ్యసభలో పెట్టారు. భూమి పేరు మీద లేకపోయినా సాగు చేసే ఆడమనిషిని రైతుగా గుర్తించి గ్రామ పంచాయతీ ధ్రువపత్రం ఇవ్వాలన్నది అందులో ముఖ్యమైన మాట. అది చట్టం కాలేదు. దాన్ని మళ్లీ అడగాలని వచ్చే జిల్లా కమిటీలో నేను తీర్మానం పెడుతున్నాను. ఈలోపు మన చేతిలో ఉన్న పని మనం చేద్దాం. సభ్యత్వ పుస్తకం బల్ల మీద ఉంది. పాసుబుక్కు అడగం.

ఇంకో మాట. అవ్వ బిడ్డ కుండలు తెరిచింది. మూడు కుండల కందులు ఉన్నాయి, పురుగు పట్టలేదు. మృగశిర కార్తెలోపు కావలసినవాళ్లు తీసుకుపోవచ్చు. మానెడుకు మానెడే. తిరిగి పోసేది ఆ బిడ్డ ఇంట్లోనే. పోయినప్పుడు ఏం కూర అని అడుగుతుంది, ఆమెకూ ఆ అలవాటే.