పోటా, పాటా రాశారా?

కాకినాడవాళ్లకు ఉప్పుటేరు గురించి చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా ఒక మాట. ఏటి నీటిని పరీక్షించడానికి దూరం నుంచి వచ్చే అధికారి కంటే గట్టున కాపురమున్న మనిషే తగినవాడు. ఎందుకంటారా? ఆ పరీక్ష తెల్లవారుజామునే జరగాలి.

పగలు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడితే తయారీ ఆగుతుంది, వాడకం ఆగదు. చేపలు, రొయ్యలు, బురదలోని బాక్టీరియా, చివరికి ఆ నాచు కూడా రాత్రంతా పీల్చుకుంటూనే ఉంటాయి. రొయ్యల చెరువుల మీద రాత్రిళ్లు ఏరేటర్లు తిరిగేది అందుకే కదా! లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే చేపకు చాలావరకు ఇబ్బంది లేదు. 2 కంటే తగ్గితే పారిపోగలిగినవి పారిపోతాయి, మిగతావి ఉక్కిరిబిక్కిరవుతాయి. మధ్యాహ్నం సీసా నింపి చూస్తే అదే ఏరు ఆరోగ్యంగా కనబడుతుంది.

అమెరికాలో మసాచుసెట్స్ తీరాన బజర్డ్స్ బే అనే అఖాతం ఉంది. 1992 నుంచి అక్కడివాళ్లే వేసవిలో పొద్దున్నే వెళ్లి ఆక్సిజన్, ఉప్పదనం, నీటి తేట కొలిచి రాస్తున్నారు. ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల నత్రజని నాచును ఎలా పెంచుతోందో చెప్పడానికి ఆ లెక్కలే పనికొచ్చాయి. మన దగ్గర ఇలాంటి లెక్క కోర్టులో సాక్ష్యంగా నిలబడకపోవచ్చు. 1974 నాటి నీటి కాలుష్య చట్టం ప్రకారం నమూనా పట్టే అధికారం కాలుష్య నియంత్రణ బోర్డువాళ్లది. కానీ వాళ్లను ఎక్కడికి, ఏ వేళకు పిలవాలో మీ నోటుపుస్తకం చెబుతుంది.

పరికరాలకు భయపడకండి. 1888లో హంగరీ రసాయనవేత్త వింక్లర్ చెప్పిన పద్ధతి ఇప్పటికీ నిక్షేపంగా పనిచేస్తోంది. బుడగ లేకుండా సీసా నింపి రెండు మందులు కలిపితే, ఆక్సిజన్ ఉన్న నీటిలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే తెల్లగానే ఉంటుంది. ఎంతుందో తేల్చడానికి ఆ తర్వాత మందు చుక్కచుక్కగా వేస్తూ లెక్కపెట్టాలి. చేతికి తొడుగులు తప్పనిసరి. టీచరు పక్కనుంటే హైస్కూలు పిల్లలు మనకంటే ఓపిగ్గా లెక్కపెడతారు.

ఇక అందరూ మరిచిపోయేది పోటూపాటూ. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ప్రతి ఆదివారం ఆరింటికే రేవుకు వెళితే, కిందటి వారం పోటున్న వేళకు ఈ వారం పాటు తగులుతుంది. ఒకసారి పట్టింది సముద్రపు నీరు, మరోసారి ఊరి మురుగు కలిసిన నీరు. రెండూ పక్కపక్కన రాసి ‘ఏరు బాగుపడింది’ అంటే నవ్వుతారు. అందుకే సీసా నింపినప్పుడల్లా పోటో, పాటో రాయండి. ఉప్పు కాలాన్ని బట్టి కూడా మారుతుంది. కోరింగ మడ అడవుల్లో గాడేరు నీరు వరదల్లో తీపి, ఎండాకాలంలో ఉప్పు. బరువైన ఉప్పునీరు అడుగున చేరుతుంది, అదే వేడిలో మంచినీటి కంటే తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటుంది. కాబట్టి పైనుంచొకటి, అడుగునుంచొకటి రెండు సీసాలు పట్టండి. రొయ్యల రైతుల దగ్గరుండే సాలినిటీ మీటరు అడిగి తెచ్చుకోండి.