పాత బండి కొన్నారా?

సెకండ్ హ్యాండ్ మోటార్ సైకిల్ కొన్నవాళ్లలో చాలామంది మొదట దాన్ని కడిగించి పాలిష్ పెట్టిస్తారు. ఆ డబ్బు ముందు ఇంజిన్ ఆయిల్‌కు పెట్టండి. పాత యజమాని ఎప్పుడు మార్చారన్న లెక్క మీకొద్దు. కొత్త ఆయిల్ పోయించి, ఆ రోజు మీటర్ రీడింగ్ రాసి పెట్టుకోండి. ఏ గ్రేడు పోయాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. కారు ఆయిల్ మాత్రం పోయించకండి. మన మోటార్ సైకిళ్లలో చాలావాటికి క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్లో తడుస్తుంటాయి. కారు ఆయిల్‌తో క్లచ్ జారిపోయే ప్రమాదం ఉంది.

టైరు గుండు కాలేదు కదా అని ధీమా పడొద్దు. టైరు పక్కన నాలుగంకెలు వెతకండి. 2318 అని ఉంటే అది 2018లో 23వ వారం తయారైందని అర్థం. వాడకపోయినా రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, పగుళ్లిస్తుంది, తడి రోడ్డు మీద పట్టు వదిలేస్తుంది. పగుళ్లు కనిపిస్తే మార్చేయండి. ఇక్కడ పొదుపు వద్దు.

చైను మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి, వదిలేస్తే ఊడిపోతుంది. పుస్తకంలో చెప్పినంత ఆట ఉంచి, నూనె వేయించండి. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ ఒకసారి విప్పి చూపించుకుంటే చాలు.

డిస్క్ బ్రేకు ఉంటే అందులోని ద్రవం గాలిలో తేమను పీల్చుకుంటుంది. మామూలుగా రెండేళ్లకోసారి మార్పించాలి. డ్రమ్ బ్రేకైతే లైనర్లు ఎంత మిగిలాయో చూపించండి. దయచేసి, బ్రేకులు సరిచూసుకున్నాకే ఇంట్లోవాళ్లను వెనక ఎక్కించుకోండి.