శరత్కాలపు చిక్కుడు పందిరి



రాయదుర్గపు నేల గ్రానైటు గుట్టలు అరిగి యేర్పడిన ఎఱ్ఱ చల్క. నీరు త్వరగా ఇంకును. పశువుల యెరువు లేనిదే తేమ నిలువదు. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ వెలసెను. 2019లో మెట్రో రైలు రాయదుర్గమునకు వచ్చెను. చేలున్న తావుల మేడలు లేచినవి. ఇక తోట యనగా మిద్దెపై తొట్టి, పెరటి మూల పందిరి.

ఆ కొంచెపు చోటునకు చిక్కుడు తగినది. ఆషాఢమున విత్తిన నాటు చిక్కుడు వర్షకాలమెల్ల ఆకులనే చూపును. గొడ్డు తీగ యని పెరికివేయరాదు. సెప్టెంబరు 23 ప్రాంతమున పగలు రేయి సమమై, పిదప రాత్రులు పొడుగైన కొలది యది పూతకు వచ్చును.

గింజ ముదురక మునుపే, రెండు మూడు దినములకొకసారి కాయలు కోయవలెను. ముదరనిచ్చినచో తీగ బలము విత్తునకు పోయి పూత తగ్గును. పేనుబంక పట్టిన కొనలను త్రుంచివేయవలెను.

అయినను మంచి తీగపై పది కాయలు కోయక, చెట్టుననే యెండనిచ్చి, గింజలను బూడిద కలిపి దాచవలెను. చేను పోయిన యూరికి విత్తైన మిగులవలెను గదా! గ్రంథాలయమున పుస్తకముల ప్రక్క చిక్కుడు గింజల సీసా యొకటి యుంచుడు. అడిగినవారికి నాలుగు గింజలిచ్చి, పంట పిదప ఎనిమిది పుచ్చుకొనుడు.