జెనీవా నగర యాత్ర



ఐరోపా ఖండమున, ఆల్ప్స్ పర్వతముల చెంత, స్విట్జర్లాండు దేశములో జెనీవా యను నగరము గలదు. అది లెమాన్ అను మహాసరస్సు యొక్క పడమటి కొసను వెలసినది. జైనూరు ప్రాంతపు పల్లెలకును ఆ నగరమునకును సంబంధమేమని మీరడుగవచ్చును. అడవి బిడ్డల భూములను గూర్చియు, భాషలను గూర్చియు, లోకమందలి ప్రభుత్వములు కూడి చర్చించు తావు అది. కావున అచ్చటికి పోవు మార్గమును, అందు సంచరించు విధమును ఎరుగుట మనకు కేవలము వినోదము కాదు.

మొట్టమొదట కావలసినవి పాస్‌పోర్టును, షెంగెన్ వీసాయును. స్విట్జర్లాండు 2008వ సంవత్సరమున ఆ వీసా కూటమిలో చేరినది. వీసాకు ప్రయాణమునకు చాల వారములు ముందుగనే దరఖాస్తు పెట్టుకొనవలెను. జైనూరు నుండి బయలుదేరువారు ఆసిఫాబాదు రోడ్డు స్టేషనుకో, మంచిర్యాలకో చేరి, రైలెక్కి సికింద్రాబాదు పోయి, అచ్చటి నుండి శంషాబాదు విమానాశ్రయమునకు పోవలెను. దుబాయిలోగాని, ఫ్రాంక్‌ఫర్టులోగాని విమానము మారి జెనీవాలో దిగవచ్చును. అక్కడి గడియారము మనకంటె వేసవిలో మూడున్నర గంటలును, చలికాలమున నాలుగున్నర గంటలును వెనుక నడచును.

విమానాశ్రయములోనే రైలు స్టేషను గలదు. ఏడు నిమిషములలో కోర్నవాఁ అను నగరపు నడిబొడ్డు స్టేషను చేరవచ్చును. హోటలులో బస చేయువారికి, ఉన్నన్ని దినములును ట్రాములందును, బస్సులందును ఉచితముగా తిరుగుటకు ఒక కార్డు నిత్తురు. కండక్టరు వచ్చి టిక్కెట్టు కోయునని కూర్చుండరాదు. ఎక్కుటకు ముందే యంత్రమున కొనవలెను. తనిఖీదారుడు ఎప్పుడైన రావచ్చును. టిక్కెట్టు లేనివారికి జరిమానా తప్పదు. సరస్సు ఈ యొడ్డు నుండి ఆ యొడ్డునకు దాటించు పసుపుపచ్చని చిన్న పడవలు 1897 నుండి నడచుచున్నవి. ట్రాము టిక్కెట్టే వానికిని చెల్లును.

సరస్సు వైశాల్యము సుమారు 580 చదరపు కిలోమీటర్లు. మిక్కిలి లోతైన చోట 310 మీటర్లు. రోన్ నది తూర్పున ప్రవేశించి, జెనీవా కడ వెలువడి పారును. ఆ నగరమున నీటిచిమ్మెన యొకటి 140 మీటర్ల యెత్తునకు ఎగయుచుండును. మన కుంతల జలపాతము సుమారు 45 మీటర్లు క్రిందికి దూకగా, ఇది దానికి మూడింతలు పైకి లేచును. 1886లో ఇది వేడుకకు పుట్టినది కాదు. నీటిశక్తితో యంత్రములు నడుపు కర్మాగారమున ఒత్తిడి మించినప్పుడు విడుచు మార్గముగా పుట్టినది. 1891లో దానిని సరస్సు కడకు మార్చిరి. చలికాలమున ఈశాన్యము నుండి వీచు బీజ్ అను గాలి ఎముకలు కొరుకును, ఉన్నిబట్టలు మరువరాదు.

కోర్నవాఁ నుండి 15వ నెంబరు ట్రాము ఎక్కినచో ఐక్యరాజ్యసమితి భవనము ముంగిట దిగుదుము. అచ్చట ఒక కాలు విరిగిన పెనుకుర్చీ నిలిచియున్నది. మందుపాతరల వలన అవయవములు కోల్పోయినవారి స్మృతికై 1997లో దానిని నిలిపిరి. లోనికి పోవుటకు పాస్‌పోర్టు చూపవలెను. ఆ యుద్యానమున నెమళ్లు స్వేచ్ఛగా తిరుగును. గుస్సాడీ నాట్యమున నెమలిపింఛముల కిరీటము ధరించు మనవారికి ఆ దృశ్యము పరాయిది కాదు.

1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులైన సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు అదే యేట నానాజాతి సమితి వారి మేధావుల సంఘమున సభ్యులై జెనీవాకు పోయివచ్చుచుండిరి. కాని నగరము చేరిన వారందరికిని మాటాడు తావు దొరకలేదు. 1923లో కెనడా దేశపు ఆదివాసి నాయకుడు డెస్కహే తన జాతి మొర చెప్పుకొనుటకు అచ్చటికి పోయి, సంవత్సరమునకు పైగా కాచుకొని యున్నను, సమితి సభలో అతనిని విననేలేదు.

నేడు స్థితి కొంత మారినది. ఆదివాసుల హక్కులను పరిశీలించు నిపుణుల సంఘము 2007లో ఏర్పడి, ఏటేట జెనీవాలో సమావేశమగుచున్నది. వచ్చు ఆదివాసి ప్రతినిధుల ప్రయాణ వ్యయమునకై 1985లో స్థాపించిన సహాయనిధి గలదు. తమ సంఘము సిఫారసు లేఖతో దానికి దరఖాస్తు పెట్టవచ్చును. ఒక్కటి మరువరాదు. అది న్యాయస్థానము కాదు. ఏ యొకరి భూమి తగవును అది తీర్చదు. అందరి కష్టములను విని, ప్రభుత్వములకు సలహా చెప్పును. జెనీవాలో పుట్టిన 1957 నాటి కార్మిక సంస్థ ఒడంబడికను మన దేశము 1958లో అంగీకరించినది. 1989 నాటి దానిని నేటికిని అంగీకరింపలేదు. ఐక్యరాజ్యసమితి భాషలు ఆరు. వానిలో తెలుగును లేదు, గోండీయును లేదు. మన కష్టము తెలిసియు, దానిని ఇంగ్లీషులో స్పష్టముగా చెప్పగల యువకులు, యువతులు మనకు కావలెను.

వియన్నాలో జన్మించిన హైమెండార్ఫ్ పండితుడు, 1940లో జోడేఘాటున కుమ్రం భీము నేలకొరిగిన పిమ్మట ఈ ప్రాంతమునకు వచ్చి, మార్లవాయిలో నివసించి, గోండీ నేర్చి, మనవారి గోడు సర్కారునకు తెలిపెను. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఆరంభమైనది. 1987లో మరణించిన ఆయన భార్య బెట్టీ సమాధి అచ్చటనే యున్నది. అంత దూరమునుండి ఒకరు వచ్చి మన మాట నేర్చి మన తరఫున పలికిరి. ఇక మన పిల్లలే స్వయముగా పోయి పలుకవలసిన కాలము వచ్చినది. చదువుకొను పిల్లవానిని, పిల్లను నడుమ బడి మానిపింపకుడు. ఆ ప్రయాణమునకు మొదటి మజిలీ ఊరిబడియే.