నమ్మదగిన భాండారము

రేడియోలో పనిచేయువారికి ఒక భయము ఎల్లప్పుడు ఉండును. గతించిన గాయకుని కంఠము మరల పాడదు. ఆనాటి రికార్డు పోయినచో పోయినట్లే. పూర్వము ఈ భయము టేపులను గూర్చి. నేడు ఆ ధ్వనులు అంకెలుగా మారి కంప్యూటరు డిస్కులలో చేరినవి. భయము మాత్రము తీరలేదు.

మేమెరిగిన ఒక కార్యాలయములో రెండు డిస్కులను జతచేసి, ఒకదానిలో వ్రాసినది రెండవదానిలో గూడ పడునట్లు ఏర్పాటు చేసిరి. ఒకనాడు ఎవరో పొరపాటున ఒక ఫోల్డరును చెరిపివేసిరి. రెండవ డిస్కు కూడ ఎంతో విధేయతతో ఆ క్షణమందే దానిని చెరిపివేసినది. ఆనాటినుండి ఏ భాండారమును గూర్చి విన్నను, "ఎంత పట్టును?" అని గాక, "ఎంతవరకు నమ్మవచ్చును?" అని అడుగుట మాకు అలవాటైనది.

అట్లు అడుగదగిన భాండారములలో సెఫ్ అనునది ఒకటి. ఇది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు. అనగా దాని మూలరచనను ఎవరైనను చదువవచ్చును, సవరింపవచ్చును, వెల లేకుండ వాడుకొనవచ్చును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటాక్రజ్ శాఖలో సేజ్ వైల్ అను విద్యార్థి తన డాక్టరేటు పరిశోధనగా దీనిని నిర్మించెను. 2006లో దీనిని గూర్చిన పరిశోధనపత్రము వెలువడినది. ఆక్టోపస్ మొదలగు బహుపాద జలచరముల జాతినామము నుండి ఈ పేరు పుట్టినది. అనేక యంత్రములు ఒకే ప్రాణివలె పనిచేయు భాండారమునకు తగిన పేరే.

ఇందలి విశేషమేమి? ధాన్యము పలు గాదెలలో నుండి, ఏ గాదెలో ఏమున్నదో ఒక గుమాస్తా చిట్టాలో మాత్రమే యున్నచో, అందరును అతని కొరకు కాచుకొనవలెను. అతడు జబ్బుపడినచో ధాన్యముండియు లేనట్లే. సెఫ్‌లో వస్తువు లుండు చోట్లకు అట్టి చిట్టా లేదు. ఏ గాదెలు పనిచేయుచున్నవో తెలుపు చిన్న పటము, ఒక గణితసూత్రము, ఈ రెండే అందరికడ నుండును. రెండూళ్ల సిద్ధాంతులు ఒకే గణితముతో ఒకే తిథిని తేల్చినట్లు, ఏ యంత్రము లెక్కకట్టినను వస్తువు ఉండవలసిన చోటు ఒక్కటే వచ్చును. ఆ సూత్రమునకు క్రష్ అని పేరు. సాధారణముగా ప్రతి వస్తువునకు మూడు ప్రతులు వేర్వేరు యంత్రములలో నుండును. ఒక డిస్కు చెడినచో, మిగిలినవి తామే క్రొత్త ప్రతిని సిద్ధపరచుకొనును.

ఇక ఇది వాడుకకు సిద్ధమైనదా? దీనికి ఒక తేదీతో సమాధానము చెప్పరాదు. సెఫ్‌కు మూడు ముఖములు కలవు. వస్తువును పార్సిలువలె ఇచ్చి పుచ్చుకొనుట ఒకటి; ఖాళీ డిస్కువలె కనబడుట రెండవది; ఫోల్డర్లు, ఫైళ్లుగా అమరుట మూడవది. జెనీవాలోని సెర్న్ పరిశోధనసంస్థ 2013లోనే రెండవ ముఖమును నమ్మి, మూడు పెటాబైట్ల భాండారముతో వాడుక ఆరంభించినది. మూడవ ముఖమును మాత్రము నిర్మాతలే చాలకాలము "ఇంకను సిద్ధము కాలేదు" అనిరి. 2016 ఏప్రిల్‌లో వెలువడిన జ్యూయెల్ అను కూర్పులో, చెడిన భాగములను బాగుచేయు పనిముట్లు కూడ చేరినపుడే అది స్థిరపడినదని ప్రకటించిరి. పరిశోధనపత్రము వెలువడిన పదేండ్లకు! అప్పుడును ఫోల్డర్ల లెక్క చూచు సర్వరు ఒక్కటే పనిచేయవలెను. అనేకములు కలిసి పనిచేయుట 2017లో ల్యూమినస్ కూర్పుతో స్థిరపడినది. తన సరకు పచ్చిగా నున్నదని తానే చెప్పు వర్తకుని మాట, పండినదని చెప్పినపుడు గూడ నమ్మవచ్చును గదా!

కాని భాండారము సిద్ధమైనంత మాత్రమున మనము సిద్ధమైనట్లు కాదు. మూడు ప్రతులన్నచో మూడింతల డిస్కులు కావలెను. అవి నూటికి 85 పాళ్లు నిండగానే సెఫ్ హెచ్చరించును. 95 పాళ్లకు చేరినచో వ్రాతను నిలిపివేయును. ఒక యంత్రము కూలినపుడు దాని భారమును మోయు జాగా మిగిలినవానిలో ముందుగనే ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, మూడు ప్రతులున్నను పొరపాటున ఇచ్చిన ఆజ్ఞ మూడింటికిని ఒక్కటే. మా రెండు డిస్కుల కథ అక్కడను జరుగవచ్చును. కావున మరల దొరకని దానికి ఈ భాండారముతో సంబంధము లేని మరియొక ప్రతి మరియొక చోట నుండి తీరవలెను.

మన ఇండ్లలో క్రొత్త కుండను కొనగానే త్రాగునీటికి పెట్టరు. నీరు పోసి ఒక రాత్రి ఉంచి చూతురు. సెఫ్‌ను గూడ అట్లే చూడవలెను. విలువలేని సమాచారముతో నింపి, ఒక డిస్కును కావలెనని ఊడదీసి, ఒక యంత్రమును ఆపి, అది ఎట్లు కోలుకొనునో కొన్ని వారములు గమనింపవలెను. దానిని నడపు మనుష్యులకు గూడ అదే పరీక్ష. ఆ పరీక్షలో వారును, అదియు నిలిచిన పిమ్మటనే ఆ గాయకుని కంఠమును అందులో దాచుదము.